చక్కెర వ్యాధి, రక్తపు పోటు జోడైతే గుండె గతి ఏమిటి?

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఇంతవరకు దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి, పాల ధర గురించి పెద్దలు మాట్లాడారు. అవన్నీ మీకు కావలసిన సంగతులే. మమ్మల్ని మాత్రం మనిషి గుండె గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లమే గాని, పాడి ఉన్న ఇంట పుట్టి పెరిగినవాళ్ళం. కనుక పుస్తకాల భాష పక్కన పెట్టి, మీకూ మాకూ తెలిసిన పాలు, గేదెల భాషలోనే చెప్పడానికి ప్రయత్నిస్తాము.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాము. రాజాం వైపు ఒక గ్రామంలో మాకు తెలిసిన ఒక తల్లి ఉంది. ఊరూ పేరూ చెప్పము. ఆమెకు రెండు గేదెలు. పదిహేనేళ్ళుగా పాల కేంద్రం తలుపు తీసేసరికి వరుసలో మొదట నిలబడి ఉండేది ఆమే. ఇంటికీ కేంద్రానికీ మధ్య రెండు ఫర్లాంగుల దూరం ఉంటుంది. ఒక వానాకాలం నుంచి ఆమె దారిలో రావిచెట్టు అరుగు మీద ఒకసారి కూర్చుని లేవడం మొదలుపెట్టింది. తరువాత రెండుసార్లు. కొన్నాళ్ళకు వరుసలో మొదటి మనిషి చివరి మనిషి అయింది. ఇంకొన్నాళ్ళకు మనవడి చేత పాలు పంపించింది. కేంద్రంలో అందరూ చూస్తూనే ఉన్నారు. వయసు మీద పడింది అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

తీరా ఒక రాత్రి పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చుంది. తెల్లవార్లూ అలాగే కూర్చుంది. పొద్దున్న మా దగ్గరకు తీసుకువచ్చారు. "గుండెల్లో నొప్పి ఉందా అమ్మా?" అని అడిగాము. "నొప్పేటీ నేదు బాబూ, ఆయాసమే. వయసైపోనాది కదా" అంది. ఆమె వయసు యాభై ఆరు. కాళ్ళ పట్టీలు తీయడానికి వీలు లేనంతగా పాదాలు వాచి ఉన్నాయి. రక్తపు పోటు 190/110 ఉంది. రక్తంలో చక్కెర 310 ఉంది. ఈ రెండు జబ్బులూ ఉన్నట్టు ఆమెకు ఆరేళ్ళ క్రితమే తెలుసు. కొన్నాళ్ళు మాత్రలు వాడింది, తల తిరగడం తగ్గింది, తగ్గింది కదా అని మానేసింది.

గుండెకు ఎకో పరీక్ష చేయించాము. "గుండె పిండే శక్తి 60 శాతం, మామూలుగానే ఉంది" అని వచ్చింది. ఇంటివాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. మేము అనుకోలేదు. పిండే శక్తి బాగానే ఉన్న గుండె ఆమెకు ఎందుకు చాలలేదో చెప్పడమే ఈనాటి మా ప్రసంగం.

గుండె చేసే చాకిరి

గుండె మనిషి పిడికిలి అంత ఉంటుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్ళంతా తిప్పుతుంది. రోజుకు లెక్క కడితే ఏడు వేల లీటర్లు దాటుతుంది. ఒక చిన్న పాల ట్యాంకరు నిండేటంత అన్నమాట. ఇందుకోసం అది రోజుకు లక్షసార్లు పైచిలుకు కొట్టుకుంటుంది.

కొట్టుకోవడం అంటే రెండు పనులు. ఒకటి బిగుసుకోవడం, రెండవది వదులవడం. గుండె బిగుసుకోవడం ఒక్కటే పని, వదులవడం విశ్రాంతి అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పాలు పితికే చేతిని చూడండి. పిడికిలి బిగిస్తే చనుకట్టులోని పాలు చెంబులో పడతాయి. పిడికిలి వదిలినప్పుడే పొదుగులోంచి మళ్ళీ పాలు చనుకట్టులోకి దిగుతాయి. వదలకుండా పట్టుకుని ఎంత బలంగా పిండినా ఏం వస్తుంది? గేదెకు నొప్పి తప్ప పాలు రావు. గుండె కూడా అంతే. మెత్తగా వదులైనప్పుడే అందులోకి రక్తం దిగుతుంది. దిగినదాన్నే అది పిండగలదు. అంతే కాదు, గుండె కండకు కావలసిన సొంత రక్తం కూడా చాలావరకు వదులయ్యే సమయంలోనే దానికి అందుతుంది.

రక్తపు పోటు చేసే పని

రక్తపు పోటును మీరంతా బి.పి. అంటారు. రక్తం నాళాల గోడలను నెట్టే ఒత్తిడి అది. పై అంకె గుండె బిగుసుకున్నప్పటిది, కింది అంకె వదులైనప్పటిది. వేర్వేరు రోజులలో చూసినా 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే రక్తపు పోటు జబ్బు ఉన్నట్టే.

ఎత్తు మీదికి రోజూ బరువు బండి లాగే ఎద్దుకు మెడ కండ ఎలా బలుస్తుందో, ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని తోయవలసిన గుండెకు ఎడమ గది గోడ అలా దళసరెక్కుతుంది. ఎద్దుకు కండ బలిస్తే మనకు సంతోషం. గుండెకు బలిస్తే సంతోషించడానికి లేదు. గోడ దళసరి అయినకొద్దీ లోపలి చోటు తగ్గుతుంది, గోడ మునుపటిలా వదులు కాదు. పైగా పెరిగిన కండకు తగినట్టు దాన్ని పోషించే సన్నటి రక్తనాళాలు పెరగవు. మనుషులు పెరిగి నుయ్యి మాత్రం ఒకటే ఉన్న ఊరి వంటిది ఆ గుండె పరిస్థితి.

చక్కెర చేసే పని

చక్కెర వ్యాధి అంటే తీపి ఎక్కువగా తినడం వలన వచ్చే జబ్బు అని మన పల్లెల్లో ఇంకా అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఇన్సులిన్ అనే రసం చాలకపోవడం, ఉన్నది సరిగా పని చేయకపోవడం వలన తిన్న అన్నంలోని చక్కెర కండల్లోకి వెళ్ళక రక్తంలో నిలిచిపోతుంది. పరగడుపున 126 గాని అంతకు పైన గాని, మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.5 శాతం గాని అంతకు పైన గాని ఉంటే ఆ జబ్బు ఉన్నట్టు లెక్క.

నిలిచిపోయిన చక్కెర గుండెకు నాలుగు విధాల చేటు చేస్తుంది. గుండె కండల మధ్య ఉండే నారపోగులకు అంటుకుని వాటిని బిరుసెక్కిస్తుంది. సన్నటి రక్తనాళాల లోపలి పొరను పాడు చేస్తుంది. పెద్ద ధమనుల్లో కొవ్వు పేరుకోవడాన్ని త్వరపెడుతుంది. నాలుగవది, నొప్పిని తెలియజేసే నరాలను మొద్దుబారుస్తుంది. ఇది అన్నిటికంటె దొంగ దెబ్బ.

ఒక సంఘంలో పాలు కొలిచే సభ్యుడు ఒకాయన ఉండేవాడు. చక్కెర వ్యాధి ఉన్నవాడే. ఒకనాటి సాయంత్రం త్రేన్పులు వచ్చాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. ఛాతీలో నొప్పి లేదు. గ్యాసు అనుకుని సోడా తాగి పడుకున్నాడు. మరునాడు మధ్యాహ్నం ఇ.సి.జి. తీస్తే ముందునాడు వచ్చింది గుండెపోటు అని తేలింది. అప్పటికి ఆలస్యమైంది. ఆయన దక్కలేదు. ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చున్నవారు ఈ సభలో ఉండి ఉండవచ్చు. వారిని నిందించడానికి కాదు, మరొకరి విషయంలో అలా జరగకూడదని చెబుతున్నాము.

రెండూ జోడైతే

ఇక అసలు విషయానికి వద్దాము. పోటు గోడను దళసరి చేస్తుంది. చక్కెర ఆ గోడను బిరుసు చేస్తుంది. దళసరీ బిరుసూ కలిసిన గుండె బిగుసుకోగలదు గాని, వదులు కాలేదు.

ఇప్పుడు ఆ తల్లి 60 శాతం సంగతి చూద్దాము. మీకు ఇది మేము చెప్పనక్కరలేదు. వెన్న శాతం వేరు, పాల కొలత వేరు. కేంద్రంలో 7 శాతం వెన్న వచ్చిందని గేదె బాగా ఇస్తున్నట్టు ఎవరూ అనుకోరు. ఎన్ని లీటర్లు అని కూడా చూస్తారు. గుండె కూడా అలాగే. ఆరోగ్యంగా ఉన్న గుండె గదిలోకి ఒక విడతకు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం దిగిందనుకోండి. 70 మిల్లీలీటర్లు బయటికి పోతుంది. ఇంచుమించు 60 శాతం. బిరుసెక్కిన గుండెలోకి 80 మాత్రమే దిగిందనుకోండి. 48 బయటికి పోతుంది. అది కూడా 60 శాతమే. శాతం తగ్గలేదు, కొలత తగ్గింది. గుండెలోకి దిగలేకపోయిన రక్తం వెనక ఊపిరితిత్తులలో ఒత్తిడి పెంచి అక్కడ నీరు ఊరేలా చేస్తుంది. ఆయాసం అక్కడి నుంచే వస్తుంది.

ఈ ఆయాసం మొదట నడకలోనే ఎందుకు వస్తుందంటే, నడిచినప్పుడు గుండె వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే కోతపడేది వదులయ్యే వ్యవధికే. నెమ్మదిగా వదులయ్యే గుండెకు ఆ కొద్ది వ్యవధి చాలదు. రావిచెట్టు అరుగు మీద కూర్చుంటే గుండె నెమ్మదించి మళ్ళీ నిండుతుంది, ఆయాసం తగ్గుతుంది. ఆమె ఆగింది వయసు వలన కాదు, గుండె నిండడం కోసం.

ఈ జోడులో మూత్రపిండాలు మూడవ పాత్ర. చక్కెర, పోటు రెండూ వాటిని దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న మూత్రపిండాలు ఉప్పును, నీటిని ఒంట్లో నిలిపేస్తాయి. దాంతో పోటు ఇంకా పెరుగుతుంది, గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది. ఒకటి రెండవదాన్ని, రెండవది మొదటిదాన్ని పెంచుకుంటూ పోతాయి. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో చక్కెర, పోటు లేనివారికి కూడా మూత్రపిండాల జబ్బు వస్తోంది. దానికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. అటువంటి చోట ఈ రెండు జబ్బులు కూడా ఉన్నవారు మూత్రపిండాల పరీక్షను ఒక్క ఏడాది కూడా తప్పకూడదు.

ఇది ఊహ కాదు

గుండె ధమనులు మూసుకుపోకపోయినా చక్కెర వ్యాధి వలన గుండె విఫలం కాగలదని 1972లో న్యూయార్కు డాక్టరు షర్లీ రూబ్లర్, ఆమెతో పనిచేసినవారు నలుగురు రోగుల గుండెలను పరీక్షించి చెప్పారు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని ఏళ్ళ తరబడి గమనించిన వైద్యులు 1974లో మరొక మాట చెప్పారు. చక్కెర వ్యాధి ఉన్న మగవారికి గుండె వైఫల్యం రెండు రెట్లకు పైగా వస్తే, ఆడవారికి అయిదు రెట్లు వస్తోందని. మన పాడిలో సగానికి పైగా చాకిరి చేసేది ఆడవారే. ఈ మాట వారు గుర్తుంచుకోవాలి, వారికంటె ముందు వారి ఇంటి మగవారు గుర్తుంచుకోవాలి.

ఇవి పట్నం జబ్బులు, కాయకష్టం చేసేవారికి రావు అనే మాట ఇక చెల్లదు. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామాలలో ఒక ఏడాదిలో జరిగిన మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్ళి విచారించారు. 1354 మరణాలలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వలననే అని తేలింది. అవి మన వంటి పల్లెలే. 2023లో భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి చక్కెర వ్యాధి ఉంది, పెద్దవారిలో 35 శాతానికి పైగా రక్తపు పోటు ఉంది. సన్నగా ఉన్నవారికి కూడా మన దేశంలో చక్కెర వ్యాధి వస్తుంది.

అయితే భయపడవలసిన పని లేదు. ఇంగ్లండులో ఈ రెండు జబ్బులూ కలిసి ఉన్న 1148 మందిని ఎనిమిదేళ్ళకు పైగా గమనించారు. ఒక జట్టుకు పోటును సగటున 154/87 దగ్గర ఉంచారు, మరొక జట్టుకు 144/82కు దించారు. తేడా పది అంకెలే. 1998లో ఫలితాలు చూస్తే, దించిన జట్టులో గుండె వైఫల్యం 56 శాతం, పక్షవాతం 44 శాతం, చక్కెర వ్యాధి వలన కలిగే మరణాలు 32 శాతం తక్కువగా ఉన్నాయి. పది అంకెలకే ఇంత మేలు. ఇప్పుడు ఈ రెండూ ఉన్నవారికి పోటు 130/80 లోపు ఉండేటట్టు చూడమని వైద్యులు చాలామంది సలహా ఇస్తున్నారు.

గుర్తు పట్టడం ఎలా?

మునుపు ఆగకుండా చేసే పనిలో మధ్యలో ఆగవలసి రావడం మొదటి గుర్తు. పచ్చిగడ్డి మోపు ఎత్తినప్పుడు, కుడితి గోలెం నింపినప్పుడు, గట్టు ఎక్కినప్పుడు కొత్తగా ఆయాసం వస్తే దాన్ని వయసు ఖాతాలో వేయకండి. సాయంత్రానికి పట్టీలు బిగిసిపోవడం, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి నిలవడం రెండవ గుర్తు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందకపోవడం, రాత్రి లేచి కూర్చోవలసి రావడం మూడవది. మూడవ గుర్తు వచ్చిందంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి అకస్మాత్తుగా చెమట, ఆయాసం, కడుపు పైభాగాన బరువు, దవడ లేక చేయి లాగడం వంటివి వస్తే, నొప్పి లేదని ఊరుకోకుండా 108కి ఫోను చేయండి. ముందు ఇ.సి.జి., ఆ తరువాతే సోడా.

మందులు, తిండి

పోటు మాత్ర తలనొప్పి కోసం వేసుకునేది కాదు. చక్కెర మాత్ర నీరసం కోసం వేసుకునేది కాదు. రెండూ గుండెను, మూత్రపిండాలను కాపాడడానికి. ఒంట్లో బాగుందంటే మాత్ర పని చేస్తున్నట్టు గాని, మాత్ర అక్కరలేనట్టు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ జబ్బులకు వాడే ముఖ్యమైన మాత్రలు ఉచితంగా ఇస్తారు. అదనపు చక్కెరను మూత్రం ద్వారా పంపించే కొత్త రకం మాత్రలు కొన్ని వచ్చాయి. అప్పటికే గుండె జబ్బు కూడా ఉన్న చక్కెర రోగులపై వాటిలో ఒకదానిని పరీక్షించి 2015లో ఫలితాలు వెల్లడించారు. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గింది. అవి అందరికీ పడవు, డాక్టరును అడిగి తెలుసుకోండి. చక్కెరకు వాడే మందులలోనే ఒంట్లో నీరు నిలిపి బలహీనమైన గుండెకు కీడు చేసేవి కూడా ఉన్నాయి. అందుకని పక్కింటివారి మాత్ర మనం వేసుకోకూడదు.

ఇంకొకటి. పొద్దున్నే మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పాలు పోయడానికి వెళ్ళి, వరుసలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయినవారు ఉన్నారు. ఏ మాత్ర తిండికి ముందు, ఏది తరువాత అన్నది రాయించుకుని, దాని ప్రకారం నడుచుకోవాలి.

ఒళ్ళునొప్పుల బిళ్ళల గురించి ప్రత్యేకించి చెప్పాలి. మోపులు మోసి నడుము పట్టేస్తే అంగట్లో బిళ్ళ కొని మింగడం మనకు అలవాటు. డైక్లోఫెనాక్ వంటి ఆ బిళ్ళలు ఉప్పును ఒంట్లో నిలిపి పోటు పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పాడి రైతులకు ఒక సంగతి గుర్తు ఉండాలి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో మన దేశంలో నిషేధించారు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోవడమే కారణం. చక్కెర, పోటు ఉన్న మనిషి ఆ మందును డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. కూరలో వేసేది ఒక్కటే లెక్క కాదు. ఎండుచేప, ఆవకాయ, అప్పడం, చద్దన్నంలో కలిపే ఉప్పు, మజ్జిగలో వేసే ఉప్పు అన్నీ లెక్కే. మజ్జిగలో ఉప్పు మాని, కరివేపాకు, అల్లం వేసుకోండి. బెల్లం పంచదార కాదు కదా అంటారు. రక్తంలోకి చేరాక రెండూ ఒకటే. చోడి అంబలి మంచిదే గాని, గిన్నెల కొద్దీ తాగితే అదీ చక్కెర పెంచుతుంది. అన్నం తగ్గించి, ఆకుకూర, పప్పు పెంచండి.

మరి పాలో? అని మీరు అడుగుతారు. పంచదార వేయని పాలు రోజుకు ఒక గ్లాసు, మీగడ తీసిన పెరుగు, ఉప్పు లేని మజ్జిగ పుచ్చుకోవచ్చు. నెయ్యి మాత్రం చెంచాతో కొలుచుకోవాలి. పాలూ నెయ్యీ అమ్ముకుని బతికే మన పత్రికలోనే ఈ మాట రావడం అవసరం. మన సరుకు మీద మనమే నిజం చెప్పకపోతే మరెవరు చెబుతారు?

పొగాకు ఏ రూపంలోనూ వద్దు. బీడీ, చుట్ట ఒక ఎత్తు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవారు కొందరు చుట్ట నిప్పు నోట్లో ఉంచుకుని కాల్చే అడ్డపొగ ఒక ఎత్తు. అది నోటికి కేన్సరు తెస్తుందని మీరు విని ఉంటారు. అదే పొగ గుండె నాళాలకూ శత్రువే.

సంఘం చేయగలిగిన పని

గేదె రెండు పూటలు మేత మానేస్తే ఆ రోజే పశువుల డాక్టరు ఇంటికి వస్తాడు. రోజూ ప్రతి సభ్యుని పాలకూ పరీక్ష జరుగుతుంది, అంకె పుస్తకంలో పడుతుంది. ఒక్క రోజు అంకె పడకపోతే పోట్లాడతాము. ఆ పాలు తెచ్చిన మనిషికి మాత్రం అంకె లేదు, పుస్తకం లేదు.

అందుకని మా సూచన ఇది. నెలలో ఒక బిల్లు రోజున పాల కేంద్రంలోనే రక్తపు పోటు, చక్కెర రెండూ చూడండి. ఒకటి చూసి ఒకటి వదలవద్దు. ముప్పై ఏళ్ళు దాటినవారికి ఈ పరీక్షలు చేయడం ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తల పనిలో భాగమే. ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను కార్యదర్శి ముందుగా పిలిస్తే వారు వస్తారు. క్యాను మోసుకొచ్చిన వెంటనే పోటు చూడకూడదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండుసార్లు చూసి, ఆ అంకెలు సభ్యుని పాసుపుస్తకం చివరి పేజీలో తేదీతో రాయండి. పాల పక్కన మనిషి అంకె కూడా ఉండనివ్వండి.

గుండె వైఫల్యం ఉన్నవారు రోజూ ఒకే వేళకు బరువు చూసుకోవాలి. మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో కాటా లేనివారి కోసం కేంద్రంలో ఒక కాటా ఉంచితే సంఘానికి పెద్ద ఖర్చు కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన పనికి ఖర్చే లేదు. వరుసలో రోజూ కనిపించే మనిషి వెనకబడితే, దారిలో ఆగితే, బదులు మనిషిని పంపితే కార్యదర్శి అడగాలి. "ఏమ్మా, ఆయాసం వస్తోందా? కాళ్ళు వాస్తున్నాయా?" ఆ ఒక్క ప్రశ్న ఆ తల్లిని ఎవరో ఆరు నెలల ముందు అడిగి ఉంటే, ఆమె ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండవలసిన అవసరం లేకపోయేది. దూడతో ఉన్న గేదెను ఆసుపత్రి ఖర్చుకు అమ్మవలసిన అవసరం లేకపోయేది.

ఆమె కోలుకుంది. బిరుసెక్కిన గుండె పూర్తిగా మెత్తబడదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, ముందుకు పోకుండా ఆపవచ్చు. ఇప్పుడు ఆమెకు పోటు 130 దగ్గర ఉంది. మాత్రలు ఆరోగ్య కేంద్రం నుంచి తెచ్చుకుంటోంది. మిగిలిన ఒక్క గేదె పాలు తానే తెచ్చి పోస్తోంది. వరుసలో మొదట కాదు, నాలుగవదో అయిదవదో. రావిచెట్టు దగ్గర ఒకసారి ఆగుతుంది. ఆమె ఆగినప్పుడు ఇప్పుడు ఎవరో ఒకరు పలకరిస్తున్నారట.

మీ మీ సంఘాలలో అటువంటి చెట్టు దగ్గర ఆగుతున్నవారు ఎవరో మీకు తెలుసు. రేపు పొద్దున్న పాలు పోసేటప్పుడు వారిని ఒక్క మాట అడగండి.